విండోస్ పదకొండు నుంచి పదికి: రెండేళ్లు దాటాక నా అనుభవం

కావలిలో మాది శుభలేఖలు, కరపత్రాలు తయారు చేసే చిన్న డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చుపేజీలు కూర్చే) కేంద్రం. విండోస్ 11 వేసిన ల్యాప్‌టాప్‌ను 2023 డిసెంబర్‌లో, మిచౌంగ్ తుపాను వెలిసిన వారంలో, తిరిగి విండోస్ 10కి మార్చుకున్నాను. అప్పటి నుంచి రోజూ దాని మీదే పని. మేమూ వెనక్కి వెళ్లవచ్చా అని అడిగేవారు ఇప్పటికీ వస్తున్నారు కనుక ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఆ ల్యాప్‌టాప్ 2019లో కొన్నది. ఎనిమిదో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, పాతకాలపు తిరిగే హార్డ్ డిస్క్. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. రెండూ ఉన్నాయి, అర్హత ఉందని తెర మీద చూపించింది. ఆ ఏడాది అధిక శ్రావణం వచ్చి ముహూర్తాలు లేవు, తీరిక దొరికిందని ఆ నెలాఖరులో వేసేశాను. నిజ శ్రావణం మొదలయ్యాక కష్టం తెలిసింది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, బ్రౌజర్, వాట్సాప్ మూడూ తెరిస్తే, యంత్రం మీద ఎంత భారం ఉందో చూపే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ గడి నూరు శాతం దగ్గరే ఉండేది. పెళ్లివారు బిట్రగుంట నుంచి వచ్చి ఎదురుగా కూర్చుని, వధువు పేరులో దీర్ఘం పడలేదని చూపిస్తే, ఆ ఒక్క దీర్ఘం దిద్దే ఫైలు తెరుచుకునేలోపు వారి చేతిలో టీ అయిపోయేది.

మా పనికి అడ్డుపడినది ఇంకొకటి ఉంది. నా తెర 1366×768. నిలువు శుభలేఖ పూర్తిగా కనిపించాలని టాస్క్‌బార్‌ను (తెరిచిన ప్రోగ్రాములు కనిపించే పట్టీని) ఎడమ అంచుకు నిలువుగా పెట్టుకోవడం నాకు అలవాటు. అప్పటి 11లో అది కిందనే ఉండేది, పక్కకు జరపడానికి వీలు లేకపోయింది. కార్డు అడుగున ఉండే ఆహ్వానించువారి పేర్ల కోసం ప్రతిసారీ పేజీని పైకి జరపవలసి వచ్చేది.

వీటితో సర్దుకునేవాడినేమో. స్కానర్ దగ్గర మాత్రం దారి మూసుకుపోయింది. మాది పాత ఫ్లాట్‌బెడ్ స్కానర్. దాన్ని కంప్యూటర్‌తో కలిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ 11లో పని చేయలేదు, తయారీ సంస్థ కొత్త డ్రైవర్ ఇవ్వడం ఎప్పుడో మానేసింది. తాతగారి ఫొటో స్కాన్ చేసి సంస్మరణ కరపత్రం వేయమని వచ్చినవారిని పక్క దుకాణానికి పంపవలసి వచ్చింది. ఆ రోజే నిర్ణయించుకున్నాను.

11కి మారిన తర్వాత పది రోజుల్లోపైతే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీకి వెళ్లి, ‘గో బ్యాక్’ నొక్కితే పాతది వచ్చేస్తుంది, ఫైళ్లు అలాగే ఉంటాయి. పెళ్లిళ్ల పనిలో పడి ఆ గడువు దాటిపోయింది. దాటితే పాత విండోస్ ఫోల్డర్ తొలగిపోతుంది, ఇక కొత్తగా వేసుకోవలసిందే. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ 10 ఎక్కించాను. డి డ్రైవ్ జోలికి వెళ్లకుండా విండోస్ ఉండే సి డ్రైవ్ ఒక్కటే చెరిపి వేశాను. అయినా ముందుగా అన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి తీసుకున్నాను, మీరూ తప్పక తీసుకోండి. మీ యంత్రంలో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకోండి. ప్రాడక్ట్ కీ అడిగినప్పుడు లేదని దాటేశాను. ఈ ల్యాప్‌టాప్ మొదట 10తోనే వచ్చింది కాబట్టి ఇంటర్నెట్ తగలగానే లైసెన్సు తనంతట తానే పట్టింది. వైఫై డ్రైవర్ పడేదాకా ఫోనును కేబుల్‌తో కలిపి నెట్ ఇచ్చాను.

ఒక్కటి మరిచిపోయాను. మేము తెలుగు అచ్చుకు వాడే అనూ ఫాంట్లు సి డ్రైవ్‌లో ఉండేవి. అన్నీ అయ్యాక ఒక పాత శుభలేఖ తెరిస్తే, ‘శ్రీరస్తు శుభమస్తు’ ఉండవలసిన చోట అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు వరుసగా ఉన్నాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతి) కావు, ఫాంటు లేకపోతే అక్షరమే లేదు. గుండె ఆగినంత పనైంది. పదిహేనేళ్ల పని ఆ ఫైళ్లలో ఉంది. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఉన్న మిత్రుడి దగ్గర నుంచి సీడీ తెచ్చుకుని వేశాక తెలుగు మళ్లీ కనిపించింది. తెలుగు డీటీపీ చేసేవారు ఫైళ్లకంటే ముందు ఫాంట్లు దాచుకోండి.

ఆ తర్వాత స్కానర్ మొదటి రోజే పని చేసింది. ఇప్పటికీ చేస్తోంది. టాస్క్‌బార్ ఎడమ పక్కకు చేరింది. వేగం మాత్రం నేను ఆశించినంత పెరగలేదు, కొంచెమే మెరుగు. 2024 వేసవిలో తిరిగే డిస్క్ బదులు వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించి, ర్యామ్ 8 జీబీకి పెంచాక అసలు వేగం వచ్చింది. కాబట్టి నెమ్మదిగా ఉందన్న ఒక్క కారణంతో విండోస్ మార్చకండి, ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి. పాత స్కానరో, పాత సాఫ్ట్‌వేరో మీ బతుకుతెరువై ఉండి, కొత్తదానిలో అది నడవకపోతేనే వెనక్కి రండి.

విండోస్ 10కి సాధారణ భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. పొడిగింపు పథకంలో నమోదు చేసుకున్నాను, దాని గడువు 2026 అక్టోబర్ 13. ఇప్పటికే ఈ యంత్రంలో బ్యాంకు పనులు చేయడం లేదు. గడువు ముగిశాక దీనికి నెట్ తీసేసి, స్కానింగుకు, పేజ్‌మేకర్‌కు మాత్రమే ఉంచుతాను. ఖాతాదారులు వాట్సాప్‌లో పంపే వివరాలు వేరే కంప్యూటర్‌లో దింపుకుని, వైరస్ లేదని చూసుకున్నాకే పెన్‌డ్రైవ్‌లో దీనికి తెస్తాను.