గండికోటలో రెండు ఉదయాలు, ఒక మేక

నా కెమెరా పాతది. దానితోపాటు వచ్చిన 18-55 లెన్సు తప్ప మరొకటి కొనలేదు, కొనను కూడా (ఆ మాట ఇంట్లో ఎవరూ నమ్మరు). పక్షులకు అది చాలదు గానీ లోయలకూ కోటగోడలకూ సరిపోతుంది. డిసెంబరులో రెండు రోజులు సెలవు దొరకగానే కడప జిల్లా గండికోటకు బయలుదేరాను.

బస జమ్మలమడుగులో అయితే చవక. కానీ అక్కడి నుంచి కోట 15 కిలోమీటర్లు, తెల్లవారకముందే ఆటో దొరకదు. ఫోటోల కోసం వెళ్లేవారికి ఆ బస దండగ. అందుకని మొదటి రాత్రి లోయ దగ్గర గుడారం తీసుకున్నాను. ప్రశాంతంగా నక్షత్రాలు చూడవచ్చన్నారు. రాత్రి ఒంటిగంట దాకా పక్క గుడారాల స్పీకర్లు మోగాయి. నిర్వాహకుణ్ణి అడిగితే "శనివారం కదా సార్" అన్నాడు. రెండో రాత్రి పర్యాటక శాఖవారి హరిత హోటల్లో ఉన్నాను. భోజనం సాదాసీదాగా ఉంది, నిద్ర మాత్రం బాగా పట్టింది. పొద్దున్నే చీకట్లో టార్చి పట్టుకుని కాస్త ఎక్కువ నడవాలి, అంతే. మళ్లీ వెళ్తే నేరుగా అక్కడికే.

ఎర్రమల కొండలను పెన్నా కోసుకుపోయిన చోటు అది. మొదటి ఉదయం అందరితోపాటు నేనూ సూర్యుడి వైపే కెమెరా తిప్పాను. నలభై ఫోటోలు తీస్తే నలభైలోనూ అదే తెల్లటి చుక్క, అదే నల్లటి రాయి. రెండో రోజు సూర్యుడికి వీపు పెట్టి కూర్చున్నాను. ఎదుటి రాతిగోడ బూడిదరంగు నుంచి గులాబీకి, అక్కడి నుంచి ఇటుక రంగుకు తిరిగింది. పేర్చిన పలకల్లాంటి ఆ రాళ్ల సందుల్లో నీడ సన్నటి గీతలుగా మిగిలింది. గాలికి ట్రైపాడు ఊగుతుంటే భుజానున్న సంచి తీసి దానికి వేలాడదీశాను. అంచున కంచె లేదు, కెమెరాలో చూస్తూ అడుగు వేయకండి.

మధ్యలో బెలుం గుహలకు కూడా వెళ్లాను, సుమారు 60 కిలోమీటర్లు. గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనల్ని తిరగనిచ్చేది కిలోమీటరున్నర. లోపల ఉక్కకు లెన్సు మీద ఆవిరి పట్టింది, చొక్కాతో తుడిచి మరకలు చేసుకున్నాను. నన్నడిగితే అక్కడ కెమెరా సంచిలోనే ఉంచి కళ్లతో చూసి రావడం మేలు.

కోట లోపల ఊరు ఉంది. మసీదు మినార్లు, మాధవరాయ ఆలయ గోపురం చూసుకుంటూ తిరుగుతుంటే ఒక ఇంటి అరుగు మీద ముసలమ్మ కనిపించింది. ఫోటో తీయనా అని అడిగాను.

"నన్నెందుకు నాయనా, దీన్ని తియ్యి. ఎల్లుండి అమ్మేస్తున్నాం" అంటూ మేకను ముందుకు లాగింది. దాని నుదుటి మీద వెంట్రుకలు తడి చేత్తో దువ్వి, గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. మూడు ఫోటోలు తీశాను. ఒకదానిలో చెవి కదిలింది, అదే బాగుంది.

తిరిగి వస్తూ జమ్మలమడుగులో ఒక స్టూడియోలో ప్రింటు వేయించి ఆటో అతని చేతికిచ్చాను. రాత్రి బస్సులో ఉండగా అతను ఫోన్ చేశాడు. మనవడికని ఇంకో కాపీ కావాలట.