గట్టు మీద గ్రావెల్: నెల్లూరు కాలువల వెంట మూడు రోజులు

గ్రావెల్ సైకిల్ కొన్నానని ఫోన్లో చెబితే మా బావ అడిగిన మొదటి మాట, "దేనికి, ట్రిప్పులు తోలడానికా?" అని. నెల్లూరులో గ్రావెల్ అంటే టిప్పర్లలో పోయే ఎర్రమట్టి మరి. వంపు హ్యాండిల్, 40 మిల్లీమీటర్ల లావు టైర్లు, మట్టి దారికీ తారు రోడ్డుకీ పనికొచ్చే సైకిల్ అని వివరించాను. అంతా విని, "మా కాలువ గట్లకు రా, నీ సైకిలెంతో తేలిపోద్ది" అన్నాడు. సంక్రాంతి పోయిన రెండో వారం వెళ్లాను.

హైదరాబాదు నుంచి రాత్రి బస్సు. చక్రాలు విప్పి, సంచిలో కట్టి, గేర్ల వైపు పైకి ఉండేలా డిక్కీలో నేనే పెట్టాను. తెల్లారి చూస్తే దానిమీద ఎవరివో రెండు బియ్యం మూటలు! గొలుసును ఒక గేరు నుంచి ఇంకో గేరుకు మార్చే వెనక డీరైలర్‌ను బిగించే చిన్న ముక్క, హ్యాంగర్ అంటారు, లోపలికి వంగిపోయింది. యాత్ర అక్కడే అయిపోయిందనుకున్నా. కోవూరులో ఒక సైకిల్ షాపు పెద్దాయన డీరైలర్ విప్పి, ఆ రంధ్రంలో ఇంకో గేర్ల సైకిల్ వెనక చక్రం ఇరుసు బిగించాడు. ఆ చక్రాన్నే చేతిపిడిలా పట్టుకుని, రెండు చక్రాల మధ్య సందు చుట్టూ సమానమయ్యేదాకా నెమ్మదిగా వంచాడు. వంద రూపాయలు. నగరంలో ఇదే పనికి ప్రత్యేకమైన పనిముట్టుంటుంది, బిల్లు కూడా ప్రత్యేకంగానే ఉంటుంది. బస్సులో వేసేవాళ్లు డీరైలర్ ముందే విప్పి గుడ్డలో చుట్టుకోండి. ఇంకో హ్యాంగర్ దగ్గర పెట్టుకోండి.

కోవూరు నుంచి బుచ్చిరెడ్డిపాళేనికి ముంబై రోడ్డు మీద పోతే గంటలోపే. కానీ లారీల గాలికి సైకిల్ ఊగిపోతుంది, ఆ దారి వద్దు. నేనూ బావా పంట కాలువల గట్లు పట్టుకున్నాం. పెద్ద కాలువకు సాధారణంగా ఒక గట్టు జీపు పోయేంత వెడల్పుంటుంది, రెండోది మనిషి నడిచేంతే. ఏ గట్టు ఎక్కడిదాకా ఉందో ఫోన్లో మ్యాపుకు తెలియదు. రెండుసార్లు దాన్ని నమ్మి చిల్లకంపలోకి పోయి సైకిళ్లు భుజాన వేసుకుని వెనక్కొచ్చాం. మూడోసారి ఒక తూము దగ్గర లస్కరు, అంటే కాలువకు నీళ్లు వదిలే మనిషి, కనపడ్డాడు.

"యాడికి పోతుండారు అబ్బయ్యా, ఈ గట్టున?"

కనిగిరి రిజర్వాయరుకని చెప్పాను.

"ఇట్ట పోతే ముందర గండి పూడ్చిన మట్టుండాది, దిగబడతారు. కల్వర్టు దాటి అవతలి గట్టు ఎక్కండి. నా బండి రోజూ పొయ్యే దారే."

అప్పటి నుంచి మాకు అదే లెక్క. గట్టు మీద మోటార్ సైకిల్ చార ఉంటే ఎక్కడం, లేకపోతే దిగిపోవడం. నీళ్లు వదిలే మనిషి రోజూ తిరిగే గట్టు ఎప్పుడూ బాగుంటుంది. ఎర్రమట్టి గట్టిపడి, మధ్యలో గడ్డి చార, ఒకపక్క నిండుగా పారే నీళ్లు, ఇంకోపక్క మూడడుగుల కింద పచ్చని వరి. ఎక్కడా ఎత్తు లేదు. గంటకు పదహారు కిలోమీటర్ల వేగం, మాటలాడుకుంటూ. బావ పాత సైకిల్‌కు రెండంగుళాల టైర్లు. గుంతల్లో నాకంటే హాయిగా పోయాడు, ఆ సంగతి మూడు రోజులూ గుర్తు చేశాడు.

ఈ కనిగిరి, అదే పేరున్న పట్టణం కాదు. బుచ్చి, అంటే బుచ్చిరెడ్డిపాళెం, పక్కనే ఉన్న పెద్ద జలాశయం. సంగం దగ్గర పెన్న నుంచి వచ్చిన నీళ్లు ఇక్కడ నిలిచి, పెన్నకు ఉత్తరాన ఉన్న వరి ఊళ్లకు పోతాయి. కట్ట మీద సాయంత్రం అయిదింటికి కూర్చుంటే కొంగలు తప్ప మనుషులు లేరు. బుచ్చి సెంటర్‌లో పులిబొంగరాలు, ఎర్రకారం. ఎనిమిది తిన్నాక లెక్క మరిచిపోయాను.

రాత్రికి జొన్నవాడ. కామాక్షమ్మ గుడి పెన్న ఒడ్డునే. కష్టంలో ఉన్నవాళ్లు ఇక్కడ నిద్ర చేస్తామని మొక్కుకుంటారు, అందుకే గుడి చుట్టూ గదులూ సత్రాలూ ఉన్నాయి. శుక్రవారం, వారాంతం కాకుండా వెళ్లండి. మాకు ఒక సత్రంలో ఎనిమిది వందలకు గది దొరికింది. దుప్పటి శుభ్రం, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిచ్చారు, సైకిళ్లు లోపల పెట్టుకోనిచ్చారు. టిఫిన్ ఉదయం ఆరుకే. ఈ యాత్రలో మంచి బస అంటే ఇదే. మాంసాహారం కావాలంటే మాత్రం బుచ్చి దాకా పోవాలి.

రెండో రోజు సంగం. అక్కడ 1880ల్లో కట్టిన ఆనకట్ట ఉండేది. వరదలకు దెబ్బతింటూ వచ్చిన దాని స్థానంలో కట్టిన బ్యారేజీని 2022 సెప్టెంబరులో ప్రారంభించారు. మాకు కలిసొచ్చింది దాని మీదున్న వంతెన. పెన్న దాటి దక్షిణపు గట్టుకు పోవచ్చు, వచ్చిన దారినే తిరిగి రానక్కర్లేదు. అవతల కనుపూరు కాలువ. ఇక్కడ గట్టు మంచిదే గానీ నీడ తక్కువ, పదిన్నరకే ఎండ చురుక్కుమంది. నరసింహకొండ చేరేసరికి రెండు సీసాలూ ఖాళీ. కొండ మీది నుంచి చూస్తే పెన్న అవతల జొన్నవాడ కనిపిస్తుంది, పొద్దున మేం బయల్దేరిన చోటు. ఆ రోజు 74 కిలోమీటర్లు, అందులో తారు మీద ఇరవై కూడా లేవు.

పంక్చర్ల సంగతి చెప్పాలి. చిల్లకంప ముల్లు ఏ టైరునూ వదలదు. నాది ట్యూబ్‌లెస్, లోపల పోసిన సీలెంట్ అనే జిగురు ద్రవం నాలుగు ముళ్ల రంధ్రాలను తనే మూసేసింది. బావకు మూడు ట్యూబులు పోయాయి. కానీ నా చక్రాలకున్నది సన్నటి ప్రెస్టా వాల్వ్. గాలి పట్టిద్దామని పల్లెలో షాపు దగ్గర ఆగితే, వాళ్ల పంపు దానికి పట్టలేదు. ఇరవై ముప్పై రూపాయల ఇత్తడి అడాప్టర్ ఉంటే మోటార్ సైకిళ్లకు గాలి కొట్టే ఏ కంప్రెసరైనా పనికొస్తుంది. నాది హైదరాబాదులో టేబుల్ సొరుగులో ఉండిపోయింది.

మూడో రోజు మీద నాకు ఆశలెక్కువ. బకింగ్‌హాం కాలువ కదా! 1806లో మద్రాసు దగ్గర మొదలై, ధాత కరువు (1876-78) కాలంలో కూలి పనులు కల్పించి తవ్వించాక అప్పటి గవర్నరు పేరు పెట్టుకున్న కాలువ, పెదగంజాం దాకా సముద్రం పక్కనే సాగుతుంది. ఒకప్పుడు పడవల్లో ఉప్పూ ధాన్యం పోయేవి. పొద్దున్నే నెల్లూరు నుంచి బయల్దేరి పల్లిపాడులో ఆగాం. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమం అక్కడ ఉంది. పెన్న ఒడ్డున చెట్ల నీడ, చల్లగా ఉంది. అరగంట కూర్చున్నాం.

మైపాడు దగ్గర కాలువ ఎక్కాక నా ఉత్సాహం దిగింది. గట్టు ముక్కలు ముక్కలు. కొంతమేర ఇసుకలో చక్రం కూరుకుపోతుంది, కొంతమేర రొయ్యల గుంటల కంచె గట్టు మీదికే వచ్చేసింది. కాపలా కుక్కలు ఒకచోట మమ్మల్ని కిలోమీటరు తరిమాయి. బావ, "దిగి నడువు రా, పరిగెత్తితే ఇంకా రెచ్చిపోతాయి" అన్నాడు. నిజమే, దిగి సైకిల్‌ను అడ్డం పెట్టుకుని నడిస్తే ఆగిపోయాయి. మూడు గంటల్లో పద్దెనిమిది కిలోమీటర్లు. సాయంత్రానికి చైను మీద ఉప్పు మరకలు. మంచినీళ్లతో కడిగి నూనె వేయకపోతే మర్నాటికి తుప్పే.

రాత్రికి బీచ్ దగ్గర తీసుకున్న గది పద్దెనిమిది వందలు. కుళాయిలో ఉప్పునీళ్లు, ఏసీ శబ్దం తప్ప చల్లదనం లేదు, సైకిళ్లు బయటే కట్టేయమన్నారు. ఆ టెన్షన్‌తో రెండుసార్లు లేచి చూసుకున్నాను. కానీ సాయంత్రం ఒక పూరింటి హోటల్లో తిన్న చేపల పులుసు గురించి ఫిర్యాదు లేదు. మామిడికాయ ముక్క వేసిన పులుసు, నిన్న కాచిందట, అందుకే అంత రుచి. ఇద్దరికీ మూడు వందలయింది.

రెండు రోజులే ఉంటే కోవూరు, బుచ్చి, సంగం తిరిగి దక్షిణపు గట్టున వచ్చేయండి, జొన్నవాడలో పడుకోండి. మైపాడుకు తారు రోడ్డు మీద పోయి, చేపల పులుసు తిని, చీకటి పడకముందే నెల్లూరు చేరండి, పాతిక కిలోమీటర్ల లోపే. వానలు పడే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గట్ల మీది బంకమట్టి చక్రానికీ దాన్ని పట్టుకునే ఫోర్కుకీ మధ్య ఇరుక్కుని కదలనివ్వదు. కోతలప్పుడు ఊళ్ల రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. పక్కనుంచి పోవాలి తప్ప మీదినుంచి తొక్కకూడదు.

తిరుగు బస్సెక్కేటప్పుడు డీరైలర్ విప్పి నా చేతి సంచిలో పెట్టుకున్నాను. బావ డిక్కీలోకి తొంగి చూసి, "బియ్యం మూటలేం లేవులే, పో" అన్నాడు.