పక్షవాతం: మొదట సీటీయా, ఎమ్మారైయా?

విజయవాడ, గుంటూరు వైపు నుంచి పక్షవాతం గురించి వచ్చే ప్రశ్నల్లో ఎక్కువసార్లు కనబడేది ఇదే. "మూతి వంకర పోయింది, కుడి చెయ్యి లేవట్లేదు. ఆసుపత్రిలో సీటీ అంటున్నారు. తెలిసినవాళ్లేమో సీటీ దండగ, ఎమ్మారై తీయిస్తే అన్నీ తెలుస్తాయంటున్నారు. ఏది మేలు?" ఇలా అడిగేవాళ్లలో కొందరు అప్పటికే సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఏదో స్కాన్ సెంటర్ మెట్ల దగ్గర ఉంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది. దాని సంగతి కాసేపాగి చెప్తాను.

బొమ్మ నాణ్యతలో ఎమ్మారైదే పైచేయి, అందులో వాదన లేదు. నెత్తురు అందక చచ్చిపోతున్న మెదడు భాగం ఎమ్మారైలోని డిఫ్యూజన్ బొమ్మలో నిమిషాల వ్యవధిలోనే తెల్లగా వెలుగుతుంది. అదే మనిషికి అదే సమయంలో తీసిన సీటీ ఏ తేడా లేకుండా కనబడొచ్చు. అయినా మొదటి గంటలో నా ఓటు సీటీకే.

స్ట్రోక్ (పక్షవాతం) వచ్చిందని మూతి, చెయ్యి, మాట చూసి డాక్టరు చెప్పగలరు. ఆ గంటలో స్కాను తేల్చాల్సిన ముక్క ఒకటే: రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందా, నాళం చిట్లి నెత్తురు కారిందా? బయటి లక్షణాలు రెండింటికీ ఒకేలా ఉంటాయి, వైద్యం మాత్రం పూర్తిగా తిరగబడుతుంది. గడ్డ అయితే కరిగించే ఇంజెక్షను ఇవ్వాలి. ఆల్టెప్లేస్ అయితే కిలో బరువుకు 0.9 మిల్లీగ్రాములు, మొత్తం 90 దాటకూడదు. అందులో పదో వంతు ఒక నిమిషంలో, మిగతాది గంటసేపు ఎక్కిస్తారు. టెనెక్టెప్లేస్ అయితే ఒకే విడతలో అయిపోతుంది. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అందులోనూ ఎంత ముందైతే అంత ఫలితం. మెదడులో నెత్తురు కారుతున్న మనిషికి అదే ఇంజెక్షను పడిందా, ప్రాణం మీదికొస్తుంది.

ఈ ఒక్క ప్రశ్నకు సీటీ చాలు. తాజా నెత్తురు అందులో తెల్లటి ముద్దలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. స్కాను నడిచేది సెకన్ల లెక్క. మనిషిని బల్ల మీదికి ఎక్కించి దించడంతో కలిపినా ఐదు నిమిషాల పని. రక్తస్రావం ఉంటే ఎంత ఉందో కూడా అక్కడికక్కడే లెక్క కడతారు: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి రెండుతో భాగిస్తే మిల్లీలీటర్లు. 5, 4, 3 అయితే 30 మిల్లీలీటర్లు. న్యూరోసర్జన్ను పిలవాలా, బీపీ దించి కనిపెట్టుకుని ఉండాలా అన్నది ఈ అంకెతో పాటు నెత్తురు ఎక్కడ కారింది, మనిషి ఎంత స్పృహలో ఉన్నాడు అన్నదాన్ని బట్టి తేలుతుంది.

ఇక్కడ అందరూ బోర్లాపడే చోటు ఒకటుంది. "సీటీ నార్మల్ వచ్చిందండీ, మరి ఇంజెక్షను ఎందుకు?" చెయ్యి పడిపోయి రెండు గంటలైన మనిషికి సీటీ నార్మల్ రావడమంటే జబ్బు లేదని కాదు. నెత్తురు కారలేదు, మెదడు ఇంకా పెద్దగా చెడలేదు, ఇంజెక్షనుకు వేళ మించలేదు అని. అంతకంటే మంచి రిపోర్టు ఆ పూట దొరకదు. నార్మలే కదా అని ఇంటికి తీసుకెళ్లిపోయి, మర్నాడు కాలు కూడా పడిపోయాక తిరిగొచ్చేవాళ్లున్నారు. అప్పుడు తీసే సీటీలో నల్లగా మచ్చ స్పష్టంగా ఉంటుంది, ఇంజెక్షనుకు మాత్రం వేళ దాటిపోయి ఉంటుంది.

చూసే కన్ను ఉంటే తొలి గంటల సీటీలోనూ ఆనవాళ్లు దొరుకుతాయి. మెదడు మధ్య ధమనిలో గడ్డ ఉంటే ఆ నాళం తెల్లటి గీతలా తేలుతుంది. చెవికి పైన లోపలగా ఉండే ఇన్సులా అనే మడత అంచు చెరిగిపోయినట్టు ఉంటుంది. తెరమీద విండో వెడల్పు (నలుపు తెలుపుల తేడాను దిద్దే అమరిక) 80 నుంచి 40కి తగ్గిస్తే ఈ తేడాలు బయటపడతాయి. మామూలు అమరికలో ముద్రించిన ఫిల్మును ట్యూబులైటు మీద పెట్టి ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే ఇవేవీ కనబడవు. అందుకే మరో డాక్టరుకు చూపించాలంటే సీడీ గానీ, ఆసుపత్రి ఇచ్చే లింకు గానీ అడగండి. ఫిల్ములు ఎన్ని ఉన్నా దానికి సాటిరావు.

సీటీకి ఓటంటే ఉత్త సీటీకి కాదు. మందు ఎక్కించకుండా ప్లెయిన్ తీసి నెత్తురు లేదని తేలాక, మనిషిని బల్ల దించకుండానే సీటీ యాంజియో (మందు ఎక్కించి రక్తనాళాల బొమ్మ తీయడం) కూడా చేయాలి. ఈ సంగతి అడిగేవాళ్లు తక్కువ, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. కుడి మోచేతి మడతలో 18 గేజి క్యాన్యులా (లావుపాటి సూది గొట్టం) పెట్టి, 60 నుంచి 80 మిల్లీలీటర్ల అయోడిన్ మందు వేగంగా ఎక్కిస్తూ గుండె పైభాగం నుంచి నడినెత్తి దాకా తీస్తారు. ఎడమ చేతికి ఎక్కిస్తే మందు ఛాతీలోని సిరలో చిక్కబడి, మెడ నాళాలు మొదలయ్యే చోట చారలు పడే అవకాశం ఎక్కువ. ముంజేతికి పెట్టిన సన్నటి నీలం క్యాన్యులా అయితే ఆ వేగానికి తట్టుకోదు. క్యాజువాలిటీలోనే సరైన సూది పెడితే మళ్లీ సూది మార్చే పది నిమిషాలూ మిగులుతాయి.

యాంజియో ఎందుకంటే, పెద్ద నాళం మూసుకుపోతే ఇంజెక్షను ఒక్కటే తరచూ సరిపోదు. తొడ దగ్గర నుంచి గొట్టం పంపి గడ్డను లాగేయాలి, దాన్నే థ్రాంబెక్టమీ అంటారు. ఆరు గంటల్లోపు దాని మేలు 2015లో వరసగా వచ్చిన ఐదు ట్రయల్స్‌తో తేలిపోయింది. ఎంపిక చేసిన రోగుల్లో 24 గంటల దాకా పనిచేస్తుందని డాన్ ట్రయల్, 16 గంటల దాకా అని డిఫ్యూజ్ 3 ట్రయల్ 2018లో చూపించాయి. యాంజియో లేకపోతే గడ్డ పెద్ద నాళంలో ఉందో లేదో తెలియదు. తెలియనప్పుడు రోగిని క్యాథ్‌ల్యాబ్ (ఈ గడ్డ లాగే పని చేసే గది) ఉన్న చోటికి పంపాలన్న ఆలోచనే రాదు. తెనాలిలోనో నరసరావుపేటలోనో ప్లెయిన్ సీటీ మాత్రమే ఉంటే, అక్కడే ఇంజెక్షను మొదలుపెట్టించుకుని, అది ఎక్కుతుండగానే అంబులెన్సులో గుంటూరో విజయవాడో బయల్దేరాలి. ముందు పెద్దూరు చేరాక ఇంజెక్షను అనుకుంటే వారధి మీద ట్రాఫిక్‌లో ఆ సమయం కరిగిపోతుంది.

కిడ్నీల భయం గురించి ఒక మాట. క్రియాటినిన్ రిపోర్టు వచ్చేదాకా యాంజియో ఆపక్కర్లేదు. ఇంజెక్షనుకు ముందు తప్పనిసరిగా కావాల్సిన రక్తపరీక్ష షుగరు ఒక్కటే, ఎందుకంటే షుగరు బాగా పడిపోయినా చెయ్యి పడిపోయినట్టే ఉంటుంది. రక్తం పలచబడే మందు వాడుతున్నవాళ్లకైతే ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) కూడా చూస్తారు. రేడియేషన్ అంటారా, తల సీటీకి సుమారు 2 మిల్లీసీవర్ట్‌లు, ఏడాదిలో ప్రకృతి నుంచి మనమీద ఎలాగూ పడేదానికి మించదు.

ఇప్పుడు ఎమ్మారై. యంత్రం లోపల గడిపే సమయం పూర్తి పరీక్షకు 20 నుంచి 30 నిమిషాలు, స్ట్రోక్ కోసం కుదించుకున్న పద్ధతిలో పది లోపు. కాగితం మీద ఇది పెద్ద తేడాగా అనిపించదు. ఆలస్యమంతా గుమ్మం బయట జరుగుతుంది. సీటీకి మెడ పైన ఉన్నవి తీస్తే చాలు: చెవి దుద్దులు, తలపిన్నులు, కట్టుడు పళ్లు. ఎమ్మారైకి ఒంటిమీద లోహం ఏదీ ఉండకూడదు. మన ఇళ్లలో పెద్దావిడను తీసుకొస్తే మంగళసూత్రానికి గుత్తిగా వేలాడే పిన్నీసులు, చీర కుచ్చిళ్లలో మరొకటి, పాతికేళ్లుగా తీయని మెట్టెలు. బంగారం, వెండిని అయస్కాంతం లాగదు గానీ ఆ పిన్నీసులు ఉక్కువి, తలవైపే దూసుకొస్తాయి. మగవాళ్లకు మొలతాడు, దానికి తాయెత్తు. వాచిన వేళ్లకు సబ్బునీళ్లు రాస్తూ మెట్టెలు లాగుతుంటే పావుగంట ఇట్టే పోతుంది. ఆ పావుగంట మెదడుకు చాలా ఖరీదు. పెద్ద నాళం మూసుకున్నప్పుడు నిమిషానికి సగటున 19 లక్షల నరాల కణాలు పోతాయని లెక్క కట్టారు.

ఆ తర్వాత ప్రశ్నల పట్టిక. పేస్‌మేకర్ ఉందా? మెదడులో పాత క్లిప్ ఉందా? ఆటోనగర్‌లో లేత్ మీదో గ్రైండింగ్ మీదో పనిచేసినవాళ్లయితే కంట్లో ఇనుపరజను ఎప్పుడైనా పడిందా? అనుమానముంటే ముందు కళ్లకు ఎక్స్‌రే. మాట పోయిన మనిషి వీటికి జవాబు చెప్పలేడు, వెంట వచ్చిన మేనల్లుడికి తెలియదు. గుండెకు వేసిన స్టెంటు ఉందని మాత్రం వెనక్కి తగ్గక్కర్లేదు, దానితో ఎమ్మారైకి ఇబ్బంది లేదు. వాంతులవుతున్నా, మనిషి కుదురుగా పడుకోకపోయినా ఆ సొరంగంలో ఏం జరుగుతోందో బయటికి సరిగా తెలియదు. మామూలు ఇనుప ఆక్సిజన్ సిలిండర్‌ను ఆ గది గుమ్మం దాటించకూడదు.

ఇంత చెప్పినా, ఎమ్మారైదే మొదటి మాట కావాల్సిన సందర్భాలు లేకపోలేదు. రాత్రి బాగానే పడుకుని పొద్దున చెయ్యి పడిపోయి లేచినవాళ్లు మొదటి రకం. ఎప్పుడు మొదలైందో తెలియదు కాబట్టి గడియారం పనికిరాదు, ఎమ్మారైనే గడియారంగా వాడతారు. డిఫ్యూజన్‌లో మచ్చ ఉండి, ఫ్లెయిర్ అనే మరో రకం ఎమ్మారై బొమ్మలో ఇంకా తేలకపోతే, నాలుగున్నర గంటలు దాటి ఉండకపోవచ్చని అర్థం. అలాంటివాళ్లకు ఇంజెక్షను ఇస్తే మేలు జరిగిందని 2018లో వేకప్ ట్రయల్ చూపించింది. అయితే పొద్దున లేచిన స్ట్రోకులోనూ ముందు సీటీతో నెత్తురు లేదని చూసి, యాంజియోలో పెద్ద నాళం మూసుకుందని తేలితే నేరుగా క్యాథ్‌ల్యాబ్‌కే వెళ్లొచ్చు.

రెండో రకం తల తిరుగుడు. ఉన్నట్టుండి తల తిరగడం, వాంతులు, నడిస్తే ఒక పక్కకు ఒరిగిపోవడం, మాట ముద్దగా రావడం. చిన్నమెదడు, మెదడుకాండం చుట్టూ దట్టమైన ఎముక ఉండడంతో అక్కడ సీటీ బొమ్మ చారలు చారలుగా వస్తుంది, చిన్న మచ్చ దొరకదు. గ్యాస్ అనో, చెవి జబ్బనో సీటీ నార్మల్ చూసి పంపేస్తే మోసపోతాం. ఇంతా చేసి తొలి రోజు డిఫ్యూజన్ కూడా ఈ భాగంలో చిన్న మచ్చల్ని తప్పించుకోనిస్తుంది, అనుమానం పోకపోతే రెండు రోజులాగి మళ్లీ తీయాలి.

మూడోది, పది నిమిషాలు మాట తడబడి మళ్లీ మామూలైపోయినవాళ్లు. వీళ్లకు ఎమ్మారై తీస్తే సుమారు మూడో వంతు మందిలో చిన్న మచ్చ బయటపడుతుంది, పూర్తి స్ట్రోకు ముప్పు ఎవరికి ఎక్కువో దాన్నిబట్టి తెలుస్తుంది. "తగ్గిపోయింది కదా, ఆదివారం పోయాక చూపిద్దాం" అనేది ఈ జబ్బులో కుదరదు, ముప్పు ఎక్కువుండేది మొదటి రెండు రోజుల్లోనే. బాలింతల్లో విడవని తలనొప్పి, ఫిట్స్ ఉంటే సిరల్లో గడ్డ కోసం ఎమ్మార్ వెనోగ్రామ్ అడగండి.

స్కాన్ సెంటర్ దగ్గరికొద్దాం. సీటీయా ఎమ్మారైయా అన్నదానికంటే ఆ యంత్రం ఎక్కడుంది అన్నదే ఫలితాన్ని ఎక్కువ మారుస్తుంది. విడిగా ఉన్న సెంటర్లో మూడు టెస్లాల (బలమైన అయస్కాంతపు) కొత్త ఎమ్మారై ఉన్నా, అక్కడ ఇంజెక్షను ఉండదు, ఐసీయూ ఉండదు. బిల్లు కట్టి, టోకెన్ తీసుకుని, రిపోర్టు టైపయ్యాక ఆటోలో ఆసుపత్రికి వెళితే, అక్కడ డాక్టరు తొలి ప్రశ్నే "ఎప్పుడు మొదలైంది?" కొన్నిచోట్ల పాత స్కాను పనికిరాదని మళ్లీ సీటీ తీస్తారు. మధ్యలో మనిషి పరిస్థితి మారినప్పుడు అది సబబే. కాబట్టి 108కి ఫోన్ చేసినప్పుడే సీటీ స్కానూ, 24 గంటల న్యూరో వైద్యమూ ఒకేచోట ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లమని అడగండి. దగ్గరలోని నర్సింగ్ హోమ్‌లో ఆగి బీపీ మాత్ర నాలుక కింద పెట్టించవద్దు, స్కాను కాకముందు ఆస్పిరిన్ వేయవద్దు, మంచినీళ్లు కూడా పట్టవద్దు, గొంతు పనిచేయక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చివరిసారి మామూలుగా ఉన్న సమయం, రక్తం పలచబడే మందు వాడుతుంటే దాని పేరు, సుమారు బరువు, ఈ మూడూ కాగితం మీద రాసి పట్టుకెళ్లండి.

ఇరవైనాలుగు గంటలూ నడిచే ఎమ్మారై క్యాజువాలిటీ పక్కనే ఉండి, పది నిమిషాల పద్ధతి అలవాటైన ఆసుపత్రి అయితే ముందే ఎమ్మారై అన్నా తప్పు పట్టను. అందులోనూ నెత్తురు తెలుస్తుంది, నాళాలు మందు లేకుండానే కనిపిస్తాయి. రాత్రి రెండింటికి టెక్నీషియన్‌ను ఇంటి నుంచి పిలిపించే చోట మాత్రం వద్దు.

సీటీ పెర్ఫ్యూజన్ (మెదడులో ఏ భాగానికి నెత్తురు ఎంత అందుతోందో చూపే స్కాను) ఆరు గంటలు దాటినవాళ్లకు పనికొస్తుంది, మొదటి గంటల్లో దానికోసం ఆగనక్కర్లేదు. మెడ డాప్లర్ (మెడ నాళాల అల్ట్రాసౌండు) మర్నాటి పని, యాంజియో అయినవాళ్లకు చాలాసార్లు అదీ అక్కర్లేదు. పుర్రె ఎక్స్‌రే, ఈఈజీ ఈ చర్చలోకి రావు.

ఇంజెక్షను ఇచ్చాక 24 గంటలకు మళ్లీ సీటీ రాస్తే "నిన్నేగా తీశారు" అని వాదించకండి. ఈ మధ్యలో లోపల నెత్తురు చెమ్మగిల్లిందేమో చూడ్డానికది. అది చూశాకే ఆస్పిరిన్ మొదలుపెడతారు.