గడ్డిలో నులిపురుగులకు డీఎన్ఏ టెస్ట్: డబ్బులు పెట్టొచ్చా?

ఫ్లోరిడాలో బెర్ముడా గడ్డి పెంచేవాళ్లకి ముందే చెప్పేస్తాను, వేరుముడి నులిపురుగు (వేళ్ల మీద బుడిపెలు తెప్పించేది) అని అనుమానం ఉంటే డీఎన్ఏ టెస్ట్ చేయించండి, స్టింగ్ నెమటోడ్ ఒక్కదాని గురించే అయితే అనవసరం. నెమటోడ్లంటే ఈ నులిపురుగులే, ఇక్కడ చెప్పేవి మట్టిలో ఉండి మొక్కల వేళ్లని తినే సన్నటి పురుగులు, స్టింగ్ వాటిలో మరో రకం. టాంపా దగ్గర మన తెలుగువాళ్లం కలిసి చూసుకునే క్రికెట్ గ్రౌండ్ ఉంది, నేలంతా ఇసుకే. అవుట్‌ఫీల్డ్‌లో గడ్డి అక్కడక్కడా పసుపు తిరిగి పలచబడుతూ వచ్చింది, నీళ్లు పెట్టినా ఎరువు వేసినా కోలుకోలేదు. అందుకని మట్టి తీసి ఒక ప్రైవేట్ ల్యాబ్‌కి పంపి, మైక్రోస్కోప్‌తో పురుగుల లెక్క, డీఎన్ఏతో జాతి గుర్తింపు రెండూ చేయించాం.

స్టింగ్ సంగతి మైక్రోస్కోప్‌తోనే తేలిపోయింది. ఎదిగిన ఆడ పురుగు 2 నుంచి 3 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, మొక్కల్ని తినే నెమటోడ్లలో ఇంత పెద్దవి తక్కువ. దాని నోట్లో ఉండే పొడవాటి సూదిని అనుభవం ఉన్నవాళ్లు చూడగానే గుర్తుపడతారు. దీనికి డీఎన్ఏ ఎందుకు?

వేరుముడి దగ్గరే అసలు చిక్కు. ఆడ పురుగు వేరులోనే ఉండిపోతుంది, మట్టిలో దొరికేవి ఎక్కువగా పిల్లపురుగులు, అవన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పాత పద్ధతిలో ఏ జాతో చెప్పాలంటే ఆడదాన్ని వేరులోంచి తీసి, వెనుక భాగం మీది గీతల్ని చూడాలి. కానీ గడ్డి వేళ్ల మీద బుడిపెలు ఎంత చిన్నవంటే చాలాసార్లు కంటికి ఆనవు. డీఎన్ఏ టెస్ట్‌లో వాడే పీసీఆర్ పద్ధతికి మాత్రం ఒక్క పిల్లపురుగు చాలు, అందులోంచి డీఎన్ఏ తీసి, కావాల్సిన ముక్కని లక్షల కాపీలు చేసి, అందులోని అక్షరాల వరుసని చదివి, జెన్‌బ్యాంక్ అనే డీఎన్ఏ వరుసల డేటాబేస్‌లో ఉన్నవాటితో పోల్చి పేరు చెబుతారు.

పేరు తెలిస్తే ఒరిగేదేమిటి అని మావాళ్లే అడిగారు. గ్రౌండ్ పక్కన అందరూ బెండ, వంగ, టమాటా వేసుకునే మడులున్నాయి, బెండ వేళ్ల నిండా బుడిపెలు. పురుగు అక్కడి నుంచే గడ్డిలోకి వచ్చిందని, మడులు తీసేయాలని పెద్ద గొడవ. రిపోర్ట్‌లో గడ్డిలోది మెలాయిడోగైని గ్రామినిస్, బెండలోది మెలాయిడోగైని ఇంకాగ్నిటా అని వచ్చింది, రెండూ వేరుముడి జాతులే. గ్రామినిస్ గడ్డిజాతి మొక్కల మీద బతికేది, ఇంకాగ్నిటా కూరగాయలు సహా ఎన్నో మొక్కలకి పడుతుంది. రెండూ వేర్వేరని తెలిశాక మడుల జోలికి ఎవరూ వెళ్లలేదు. నా వరకు పెట్టిన డబ్బులకి ఇదొక్కటే చాలు.

ఇక ల్యాబ్ మీద నా ఫిర్యాదులు. డీఎన్ఏలో ఏ భాగం చదివారో, ఎంత శాతం కలిసిందో రిపోర్ట్‌లో రాయలేదు, రెండుసార్లు మెయిల్ పెడితే గానీ చెప్పలేదు. ఇది చిన్న విషయం కాదండీ. ఇంకాగ్నిటా, జవానికా, అరెనేరియా అనే మూడు వేరుముడి జాతులకీ రైబోసోమల్ డీఎన్ఏ అనే భాగం దాదాపు ఒకేలా ఉంటుంది, అదొక్కటే చూసి ఇంకాగ్నిటా అని గట్టిగా చెప్పలేరు, మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారయ్యే చోటు) డీఎన్ఏ కూడా చూడాలి. మాది చూశారట, సంతోషమే, కానీ ఆ మాట రిపోర్ట్‌లోనే ఉండాలి. గ్రామినిస్‌కీ, మేరీలాండీ అనే మరో వేరుముడి జాతికీ తేడా పట్టాలన్నా ఇంతే జాగ్రత్త కావాలి, రెండూ బెర్ముడా వేళ్లలోనే ఉంటాయి, పైకి చూస్తే దాదాపు ఒకటే. మేరీలాండీని 1987లో గానీ వేరే జాతిగా వర్ణించలేదు.

ఇంకో మాట, మందు కొట్టాక పని చేసిందో లేదో చూద్దామని వెంటనే ఈ టెస్ట్‌కి పంపకండి. చచ్చిన పురుగు డీఎన్ఏ కూడా కొన్నాళ్లు మట్టిలో ఉంటుంది, పీసీఆర్ దాన్నీ పట్టుకుంటుంది. ఎన్ని ఉన్నాయో తెలియాలంటే లెక్కే కావాలి, మందు కొట్టాలా వద్దా అన్నది కూడా ఆ సంఖ్యని బట్టే. మామూలు లెక్కకి గైన్స్‌విల్‌లో ఫ్లోరిడా యూనివర్సిటీ నెమటోడ్ ల్యాబ్ ఉంది.

మట్టి తీసేటప్పుడు పూర్తిగా చచ్చిన చోట వద్దు, అక్కడ పురుగు తినడానికి వేళ్లే ఉండవు. పాడైన గడ్డికీ బాగున్న గడ్డికీ మధ్య అంచున, నాలుగంగుళాల లోతు దాకా, చాలా చోట్ల నుంచి తీసి కలపండి. సంచిని ఎండలో ఉన్న కారులో వదిలితే లెక్క కూడా తప్పు వస్తుంది.

ఐదుకి మూడున్నర ఇస్తాను. రిపోర్ట్ సరిగ్గా రాయడం మొదలుపెడితే నాలుగున్నర.