విశాఖ–అరకు ఘాట్ రోడ్డు: ఏళ్లుగా కారు నడిపాక

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఎక్కువమంది అరకు ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చుంటారు. ఏళ్లుగా ఈ దారిన సొంత కారులో తిరుగుతున్న నా లెక్కలో మాత్రం అసలు సరుకంతా దారిలోనే ఉంది.

పెందుర్తి, కొత్తవలస దాటేదాకా లారీలు, ఆటోలే. అందుకే తెల్లవారకముందే బయల్దేరతాను. శృంగవరపుకోటలో టిఫిన్ చేసి, ట్యాంకు నింపుకోవడం మంచిది. బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలవుతుంది. టైడా దగ్గరికి వచ్చేసరికి ఏసీ ఆపేసి అద్దాలు దించేయొచ్చు.

నాకు బాగా నచ్చేది అనంతగిరి నుంచి సుంకరిమెట్ట దాకా ఉన్న ముక్క. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేసవి మొదట్లో ఒక్క వాన పడితే చాలు, ఆ మొక్కలు తెల్లగా పూస్తాయి, వాసన రోడ్డు మీదికే వస్తుంది. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర అందరూ ఆగుతారు, నేనూ ఆగుతాను. కానీ సెల్ఫీల గుంపు మధ్య లోయ చూడాలంటే ఓపిక కావాలి.

బొర్రా గుహలకు పక్కకు తిరగాలి. ఆ సున్నపురాయి గుహల్లోంచి పారే గోస్తనీ నదే కిందికి దిగి తాటిపూడి రిజర్వాయరు నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్లు విశాఖ కుళాయిల్లోకీ వస్తాయి, ఆ లెక్కన బొర్రా మనకు దూరపు చుట్టమేమీ కాదు. బొంగు చికెన్ మాత్రం అప్పటికప్పుడు బొంగులో కూరి కళ్లెదుట కాల్చి ఇచ్చేచోటే తినండి. ముందే కాల్చి పెట్టింది ఆరిపోయి పీచులా ఉంటుంది.

రోడ్డు చాలావరకు బాగానే ఉంటుంది. గట్టి వానల తర్వాత మలుపుల్లో మట్టి, రాళ్లు జారి ఉంటాయి. దిగేటప్పుడు రెండో గేరులో రండి. న్యూట్రల్‌లో వదిలి బ్రేకు మీదే కాలుపెట్టి దిగే బళ్ల నుంచి కాలిన వాసన వస్తుంటే వెనకున్నవాళ్లకూ టెన్షనే. గుడ్డి మలుపుల్లో హారన్ కొట్టడం ఇక్కడ మొరటుతనం కాదు, మర్యాద.

నా ఓటు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మామూలు పనిరోజుకు. నవంబరు, డిసెంబరుల్లో వలిసె పూలు పసుపుపచ్చగా విరగబూసే మాట నిజమే, కానీ శని, ఆదివారాల్లో పూలకంటే బంపర్లే ఎక్కువ కనిపిస్తాయి. మలుపులకు వాంతులయ్యే పిల్లలుంటే పొద్దున్నే విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలెక్కండి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు దించడానికి 1960ల్లో వేసిన లైను అది, సొరంగాలకు కొదవ లేదు. అద్దాల బోగీలో సీటు కావాలంటే మాత్రం సీజన్‌లో బాగా ముందే రిజర్వ్ చేసుకోవాలి.