చేర్యాల బొమ్మలు: ఇన్‌స్టాలో అమ్మాలా, అమెజాన్‌లోనా?

చిన్న మాస్కుల్లాంటి ఒకే రకం సరుకు పదీ ఇరవై ఉంటే అమెజాన్ నయం. కొనేవాళ్లే వెతుక్కుంటూ వస్తారు. అయితే కమీషన్, రవాణా కలిపి 20 శాతం పోతుందనుకుంటే రూ.2,000 సరుకుకు చేతికొచ్చేది రూ.1,600. వాపసులు వేరే తలనొప్పి.

నకాషీ పటానికి (గుడ్డ మీద కథను బొమ్మలుగా గీసే చేర్యాల చిత్రానికి) మాత్రం ఇన్‌స్టానే. ఉన్నది ఒక్కటే, దాని కథ చెప్పాలి. ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు కలిపిన పూత పెడుతున్న 20 సెకన్ల రీల్ చాలు. కింద అంగుళాల్లో కొలత, ధర రాయాలి. ధర దాచి 'మెసేజ్ చేయండి' అంటే చాలామంది అక్కడే జారుకుంటారు. సగం అడ్వాన్సు యూపీఐలో తీసుకోండి. స్క్రీన్‌షాట్ నమ్మొద్దు, ఖాతా చూసుకోండి.

పటాన్ని మడిస్తే పూత పగులుతుంది. బొమ్మ బయటికి ఉండేలా లావు అట్టగొట్టానికి చుట్టి పంపాలి.