షికాగో నిఘంటు సేవలో 'ఫేబుల్' అర్థాన్వేషణ

షికాగో విశ్వవిద్యాలయం దక్షిణాసియా భాషల నిఘంటువులను అంతర్జాలంలో ఉచితంగా అందిస్తున్నది. వాటిలో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులు రెండున్నాయి: ఒకటి సి.పి. బ్రౌన్‌ది, మరొకటి జె.పి.ఎల్. గ్విన్‌ది. అనువాదకులకూ ఉపాధ్యాయులకూ ఈ సేవ ఎంతవరకు అక్కరకు వస్తుందో తెలియాలంటే, పైకి సులువుగా కనబడి లోపల చిక్కులున్న మాటతోనే పరీక్షించాలి. అందుకు 'ఫేబుల్' తగిన మాట.

లాటిన్‌లో 'మాట్లాడు' అనే అర్థమిచ్చే క్రియ నుండి పుట్టిన ఈ మాటకు ఇంగ్లీషులో రెండు ముఖ్యార్థాలు స్థిరపడ్డాయి. జంతువులు మనుషుల్లా మాట్లాడుతూ ఒక నీతిని బోధించే చిన్న కథ మొదటిది. ఈసపు కథలు ఇందుకు ప్రసిద్ధోదాహరణ. ఆధారం లేని కల్పన, నమ్మరాని మాట రెండవది. తెలుగులో మొదటిదానికి నీతికథ అనీ, రెండవదానికి కట్టుకథ అనీ అంటాము. ఒకటి పిల్లలకు చెప్పదగినది, మరొకటి ఎవరూ నమ్మకూడనిది కనుక, ఒకదాని చోట మరొకటి వేస్తే వాక్యం తలకిందులవుతుంది.

ఈ రెండు నిఘంటువులూ తెలుగు మాటకు ఇంగ్లీషు అర్థం చెప్పేవే. కాబట్టి ఇంగ్లీషు మాటతో బయలుదేరినవారు దానిని నిర్వచనాలలో వెదకవలసి ఉంటుంది. ఆ సౌకర్యం ఉన్నది, బాగానే పనిచేస్తుంది. అయితే ఫలితాలలో ఏది సమానార్థకమో, ఏది వివరణలో ప్రసక్తంగా వచ్చిన మాటో వేరుచేసుకొనే బాధ్యత చదువరిదే.

బ్రౌన్ నిఘంటువు తొలిసారి 1852లో వెలువడింది. ఇక్కడ ఉన్నది కందుకూరి వీరేశలింగం ప్రభృతులు సంస్కరించిన 1903 నాటి కూర్పు. పద్యాల నుండి ప్రయోగాలు చూపడం దీని పెద్ద బలం. 1991లో వచ్చిన గ్విన్ నిఘంటువు ఆధునిక వ్యవహారానికి దగ్గరగా ఉంటుంది. పాత మాట నేటికీ వాడుకలో ఉన్నదా లేదా అన్న సందేహానికి నేను దీనినే నమ్ముతాను.

అయినా సందర్భాన్నిబట్టి మాటను ఎంచుకొనే విద్య ఏ నిఘంటువూ పూర్తిగా నేర్పలేదు. దానిని మంచి అనువాదాలలో చూడాలి. పౌలు తిమోతికి వ్రాసిన పత్రికలలో (లేఖలలో), 1611 నాటి ఇంగ్లీషు బైబిలు 'ఫేబుల్స్' అన్న చోట్ల, తెలుగు బైబిలులో ఒకచోట 'కల్పనాకథలు' అనీ, ముసలివారి ప్రస్తావన ఉన్నచోట 'ముసలమ్మ ముచ్చట్లు' అనీ కనబడుతుంది. ఈ రెండవది ఎంత నిండైన తెలుగో చెప్పనక్కరలేదు. అదే బైబిలులో 'పేరబుల్'కు, అంటే పోలికతో నీతిని చెప్పే కథకు, 'ఉపమానం' అన్న మాట ఉన్నది. మన పాఠాలలో మాత్రం ఫేబుల్, పేరబుల్ రెండింటినీ నీతికథ కిందే కలిపివేస్తున్నాము, ఇది సరిదిద్దుకోదగిన అలవాటు.

ఇక వాడుకలో ఉన్న 'కాకమ్మ కథలు' అన్న పలుకుబడిని నేను అన్నిటికంటె మిన్నగా ఎంచుతాను. పక్షి పాత్రగా ఉన్న కథ, నమ్మించబోయే అబద్ధం అనే రెండు భావాలూ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. 'నాకు కాకమ్మ కథలు చెప్పకు' అనే తెలుగువారు 'ఫేబుల్' రెండవ అర్థాన్ని మొదటిదానితో ముడివేసే వాడుతున్నారు. 'పిట్టకథ'ను మాత్రం ఇక్కడికి తేరాదు. అది ప్రధాన కథ నడుమ వచ్చే చిన్న కథ, అందులో పిట్ట ఉండనక్కరలేదు.

రుసుము లేకుండా ఇంతటి నిధి దొరకడం తెలుగువారికి, ముఖ్యంగా గ్రంథాలయాలు అందుబాటులో లేని ప్రవాసులకు, నిజమైన మేలు. అనువాదకులు బ్రౌన్‌లో మాటలను ఏరుకొని గ్విన్‌లో సరిచూసుకోవాలని నా సూచన. ఇంగ్లీషు మాటకు నేరుగా తెలుగు కావలసిన బడిపిల్లలకు మాత్రం దీనికంటె ముందు ఒక చిన్న ఇంగ్లీషు–తెలుగు నిఘంటువును చేతికివ్వడం మంచిది.